స్వామి మీద ఎవరూ అంటించరు

పిండి అడుగంటకుండా కర్రతో తిప్పుతూనే, ఎడమచేత్తో మైలుతుత్తం పొట్లం విప్పి చిటికెడు గిన్నెలో వేశాడు మునిరామయ్య. తెల్లటి జిగురు కాస్త నీలంగా తిరిగింది. మైలుతుత్తం పడకపోతే పోస్టరు గోడ మీద ఒక్క పూట కూడా నిలవదు. మైదా వాసనకు మేకలు వచ్చి, ముందుకాళ్లు గోడకెత్తి, కథానాయకుణ్ణి మోకాళ్ల నుంచి నడుము దాకా తినేసి పోతాయి. ఇరవయ్యారేళ్లుగా ఆ నీలం అతని గోళ్ల చుట్టూ నిలిచిపోయింది. చింతపండుతో తోమినా పోదు, బూడిదతో రుద్దినా పోదు. అతని పక్కన భోజనానికి కూర్చున్న కొత్తవాళ్లు ఆ చేతిని చూసి కొంచెం జరుగుతారు.

ఎనభై మూడో సంవత్సరం, మే నెల, శుక్రవారం. ఇంకా తెల్లవారలేదు. తిరుపతిలో పంకజా టాకీసు వెనక, సైకిళ్ల స్టాండు పక్కనున్న రేకుల షెడ్డులో ఆ పొయ్యి వెలుగు తప్ప వేరే వెలుగు లేదు. జిగురు బక్కెట్లోకి ఒంపి, రాత్రి బస్సులో వచ్చిన పోస్టర్ల కట్ట తాడు కోశాడు. మొదటి కాగితం విప్పగానే అలవాటుగా కాళ్లు చెప్పుల్లోంచి బయటికి వచ్చేశాయి.

పైన వేంకటేశ్వరస్వామి. కిరీటం, కళ్లను కప్పిన తిరునామం, పచ్చటి తులసిమాల. కాగితంలో మూడో వంతు స్వామే.

మిగతా కాగితం కూడా విప్పాడు. కింద ఒక అమ్మాయి, తోలు బట్టలు, రెండు చేతుల్లో రెండు కత్తులు. నిలువునా తడిసి ఉంది. ఆమె కాళ్ల మధ్యగా ఒక జీపు గాల్లో ఎగురుతోంది. పక్కన ఒకడు సీసా ఎత్తి గొంతులో పోసుకుంటున్నాడు. ఎర్రటి అక్షరాలతో 'కత్తుల కన్నెపిల్ల' అని రాసి ఉంది. తులసిమాల చివర ఆ అమ్మాయి తలకు తగులుతోంది.

మునిరామయ్య చాలాసేపు చూశాడు. నిన్న సాయంత్రం మేనేజరు జయరావు చెప్పిన మాట గుర్తొచ్చింది. "ఈ బొమ్మలో స్వామి పాట ఒకటి ఉందంట మునిరామయ్యా. పొద్దున్నే నలభై గోడలూ అయిపోవాల." జయరావు అబద్ధం చెప్పే మనిషి కాడు. పాట ఉందంటే ఉండే ఉంటుంది. ఉత్త కాళ్లతోనే నిచ్చెనను సైకిలుకు కట్టుకుని బయల్దేరాడు.

పోస్టర్లు అంటించేవాడికి సినిమా మీద అభిప్రాయం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మునిరామయ్యకు ఉండేది. పంకజా టాకీసులో ఆడిన ప్రతి బొమ్మనూ మొదటి రోజు, మొదటి ఆటే, నేల తరగతిలో ఎడమ వైపు స్తంభానికి ఆనుకుని చూశాడు. చూడకుండా ఏ బొమ్మ గురించీ మంచో చెడో ఒక్క మాట అనేవాడు కాదు. చూశాక ఊరుకునేవాడూ కాదు. తీర్థకట్ట వీధి ఆడవాళ్ల దగ్గర్నుంచి మార్కెట్లో కూరలమ్మే వాళ్ల దాకా, అతను గోడకు జిగురు రాస్తుంటే నిలబడి, "ఎట్లుండాది మునిరామయ్యా?" అని అడిగి గాని టికెట్టు కొనేవాళ్లు కారు. పెళ్లయిన మూడో రోజు భార్య జ్ఞానాంబను తీసుకుపోయింది సినిమాకే. ఉన్న ఒక్క కూతురిని గూడూరులో నిమ్మకాయల వ్యాపారికిచ్చి, అల్లుడు తొలిసారి ఇంటికి వచ్చినప్పుడు తీసుకుపోయిందీ సినిమాకే. దేవుడు, సినిమా, ఈ రెండింటినీ అతను వేరు వేరు అరల్లో పెట్టుకుని రెండింటికీ సమంగా దీపం పెట్టాడు.

ఈమధ్య ఆ రెండో దీపం ఆరిపోతూ వచ్చింది. గోడ మీద కుంచె లాగిన ప్రతిసారీ లోపల మంట.

ఈ బొమ్మలు తీసేవాళ్లు కథ ఎక్కడ పారేసుకున్నారు? పాత బొమ్మల్లో తల్లి బిడ్డను వదిలి వెళ్లాలంటే అర రీలు పట్టేది. గడప దాటి, వెనక్కి తిరిగి, మళ్లీ రెండడుగులు వేసి, మళ్లీ తిరిగి. ఆ తిరగడానికే జనం ఏడ్చేవాళ్లు. ఇప్పుడు తల్లి ఏడవబోతుంటే మోటారు సైకిలు అద్దం పగలగొట్టుకుని ఇంట్లోకి వస్తుంది. తలుపు తీసుకుని లోపలికి వచ్చే కథానాయకుణ్ణి చూసి ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు లేదు. ఇక వాన. ఏ పాటకైనా ఆడపిల్లను తడపాల్సిందే. ఈ జిల్లాలో రెండేళ్లుగా బావులు ఎండిపోయి, జ్ఞానాంబ వీధి కొళాయి దగ్గర బిందెను వరసలో పెట్టి మూడు గంటలు నిలబడుతోంది. తెర మీద మాత్రం ఇద్దరి ఒళ్లు తడపడానికి ఒక చెరువు నీళ్లు పోస్తారు. మొన్న ఒక పాటకు నేల తరగతిలో ఎవరో ముసలివాడు, "ఆపండ్రా, ఆ నీళ్లు ఈడ పొయ్యండ్రా" అని అరిస్తే హాలంతా నవ్వింది. మునిరామయ్యకు నవ్వు రాలేదు.

బొమ్మ సంగతి అలా ఉంచితే, దాన్ని అమ్మే తీరు ఇంకా కడుపు మంట. ఒకప్పుడు పోస్టరు మీద ఉన్న ఘట్టం సినిమాలో ఉండేది. ఇప్పుడు పోస్టరు మీది పులి సినిమాలో ఉండదు. హాల్లో పది మంది ఉంటే 'మహిళల అపూర్వ ఆదరణతో' అని చీటీ అంటించమంటారు. ఆ పది మందిలో ఒక్క ఆడమనిషి కూడా ఉండదు. నాలుగో రోజున 'రెండవ వారం'. టికెట్టు నంబరుకు స్టీలు బిందె బహుమతి అంటారు. ఆ బిందె ఎవరింటికి పోయిందో ఊళ్లో ఇంతవరకు ఎవరూ చూడలేదు. ఆ చీటీలన్నీ ఈ నీలం వేళ్లే అంటించాయి. గోడకు నోరు లేదు, అంటించేవాడికీ ఉండకూడదని సర్దుకున్నాడు. సర్దుకున్న ప్రతి చీటీ లోపల ఎక్కడో పేరుకుపోయింది.

ఒక్క విషయంలో మాత్రం సర్దుకోలేదు. స్వామి ఉన్న కాగితం మీద ఇంకో కాగితం అంటించడు. పుణ్యకథల బొమ్మ వెళ్లిపోయి కొత్త బొమ్మ వస్తే, ముందు ఆ గోడకు నీళ్లు కొట్టి, కాగితం నానాక, బ్లేడుతో స్వామి ముఖం చుట్టూ కోసి, నెమ్మదిగా ఊడదీసి, సంచిలో పెట్టుకుంటాడు. ఆ తర్వాతే కొత్త కాగితం. కోసినవన్నీ ఇంట్లో నేతిడబ్బాలో దాచి, స్వర్ణముఖిలో నీళ్లొచ్చినప్పుడు వదిలిపెడతాడు. ఇది అతనొక్కడి పద్ధతి కాదు. ఊళ్లో నాలుగు టాకీసుల వాళ్లూ అంతే. రైల్వే గేటు వైపు అంటించే మస్తాను కూడా అంతే. కోసే ఓపిక లేనివాడు ఆ గోడ జోలికే పోడు. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. కొండ కింద బతికేవాళ్లకు అదొక మర్యాద.

కొర్లగుంట మలుపులో గోడకు కాగితం అంటించేసరికి తెల్లవారింది. అక్కడ ఇంకో టాకీసు పోస్టర్లు అంటించే చిన్నబ్బ సైకిలు దిగి, చంకలో కాగితాల చుట్టతో గోడ వంక చూస్తూ నిలబడి ఉన్నాడు. మునిరామయ్యను చూసి బీడీ పారేశాడు.

"ఏమప్పా, ఊరంతా నీకే రాసిచ్చేసినారా?"

"ఏంది నీ బాధ?"

"నాలుగు గోడలు సూసినా. నాలుగింటి మీదా సామే. మా బొమ్మకు రేపట్నించి రెండో వారం. యాడ అంటించుకునేది నేను? నా వీపు మీదనా?"

"పక్కన అంటించుకో."

"పక్కన మురిక్కాలవ ఉండాది. అందులో అంటించేదా?" చిన్నబ్బ దగ్గరికొచ్చి పోస్టరును కింది నుంచి పైకి చూశాడు. తొడల దగ్గర ఒక నిమిషం, స్వామి దగ్గర ఒక నిమిషం. చెంపలేసుకున్నాడు. "ఎవురికొచ్చిందో గాని శానా తెలివప్పా ఇది. సామిని నెత్తిన పెట్టుకుంటే ఏ నా కొడుకూ చెయ్యి ఎయ్యడు. మామూలుగా అయితే మూడో రోజు నేను నీ మీద అంటిస్తా, ఐదో రోజు నువ్వు నా మీద అంటిస్తావు. ఇంక నెల్లాళ్లు గోడ కదలదు."

"అందుకు పెట్టలేదు. సినిమాలో సామి పాట ఉండాది."

"ఉండాదా? నువ్వు సూసినావా?"

మునిరామయ్య కుంచె బక్కెట్లో ముంచాడు.

"ఈ ఊరోడు ఎవుడో సెప్పింటాడబ్బా," అన్నాడు చిన్నబ్బ సైకిలు ఎక్కుతూ. "బయటోనికి ఈ సంగతి ఎట్ల తెలస్తాది? వాడు కనపడితే సెప్పు, వాని గోడ మీద అంటించి వస్తా."

చిన్నబ్బ వెళ్లిపోయాక మునిరామయ్య కుంచె బక్కెట్లోనే ఉండిపోయింది. మూడు నెలల కిందటి టీ కొట్టు కళ్ల ముందుకొచ్చింది. బెజవాడ నుంచి వచ్చే పంపిణీదారుల మనిషి ప్రేమానందం, తెల్ల ప్యాంటు, చేతిలో తోలు సంచి, బస్టాండు గోడ మీద ఒక పాత పోస్టరును చూపించాడు. చుట్టూ చిరిగి, ఎండకు వెలిసి, మధ్యలో స్వామి ముఖం మాత్రం నిలిచి ఉంది. "ఏమిటయ్యా ఇది, ఏడాది క్రితం బొమ్మ ఇంకా ఉంది?" అని అడిగాడు. మునిరామయ్య ఛాతీ పొంగించి, స్వామి మీద ఈ ఊళ్లో ఎవరూ అంటించరని, పోటీ టాకీసు వాడైనా సరే, తురకవాడైనా సరే చెయ్యి పెట్టడని, ఇది మా ఊరి మర్యాద సార్ అని చెప్పాడు. ప్రేమానందం శ్రద్ధగా విన్నాడు. రెండో టీ తనే చెప్పి తాగించాడు.

ఆ ఒక్క మాటకు రెండు టీలు.

అయినా పాట ఉందేమో. ఉంటే తప్పు లేదు. ఆ ఒక్క ఆశ పట్టుకుని మిగతా గోడలు పూర్తి చేశాడు. గాంధీ రోడ్డు, బండ్ల వీధి, బైరాగిపట్టెడ. చివరికి తీర్థకట్ట వీధిలో అర్చకుల ఇంటి పక్క సందు గోడ. అక్కడ నిచ్చెన దిగేసరికి అర్చకుడు యతిరాజుల భార్య కుముదవల్లి వాకిట్లో నిలబడి ఉంది. తలస్నానం చేసి తడి జుట్టు ముడి వేసుకుంది. చేతిలో తులసిదళాలు. కింద ఉన్న అమ్మాయి మీదికి చూపు పోకుండా, స్వామి నామం మీద ఇంకా తడిగా ఉన్న జిగురుకు ఒక దళం అద్దింది.

"స్వామి సినిమానా మునిరామయ్యా?"

"అట్ల అంటా ఉండారమ్మా. నేనింకా సూడలా."

"మా అత్తగారు కిటికీలోంచి చూసి ఒకటే తొందర పెడుతున్నారు. మోకాళ్లు పట్టుకుపోయి మూడేళ్లయింది కొండెక్కి. బస్సులో వెళ్లినా వరసలో నిలబడలేరు. సినిమాలోనైనా ఒక్కసారి చూపించు తల్లీ అంటున్నారు. సాయంత్రం ఆటకు రిక్షాలో తీసుకొస్తాను."

"నేను పదకొండు గంటల ఆట సూసొచ్చి సెప్తానమ్మా. అంతదాకా ఆగండి."

"ఈసారి నువ్వు చెప్పేదేముంది?" కుముదవల్లి నవ్వింది. "స్వామే చెప్తున్నాడు కదా."

పదకొండు గంటల ఆటకు మునిరామయ్య ఎప్పటి స్తంభానికే ఆనుకుని కూర్చున్నాడు. ముందు వరసల్లో కుర్రాళ్లు కాగితం ముక్కలు విసురుతున్నారు, ఈలలు వేస్తున్నారు. అతను మాత్రం వరసలో నిలబడిన భక్తుడిలా ఎదురుచూశాడు. మొదటి పాట హోటల్లో. రెండో పాట వానలో. మూడోది ఈత కొలనులో. విశ్రాంతి వచ్చింది. నాలుగో పాట ఒక గుహలో, పీపాల మధ్య. ఒక్కో పాట మొదలైనప్పుడల్లా, ఇదేనేమో అని వెన్ను నిటారు చేసేవాడు. గుడిగంట వినబడిందనుకుంటే అది టెలిఫోను. తల్లి చచ్చిపోయింది, ఆమె కోసం ఎవరూ రెండు నిమిషాలు ఏడవలేదు. కత్తులమ్మాయి ఎందుకు కత్తులు పట్టిందో ఆమెకే తెలిసినట్టు లేదు.

చివరి రీలుకు ముందు దొంగల నాయకుడి గది వచ్చింది. వాడు బల్ల మీద కాళ్లు చాపి, సీసా మూత పళ్లతో ఊడదీసి ఉమ్మాడు. వాడి తల వెనక గోడకు ఒక క్యాలెండరు వేలాడుతోంది. క్యాలెండరు మీద స్వామి. తుపాకి పేలింది. సీసా పగిలింది. క్యాలెండరు ఊగింది.

అంతే. అదే స్వామి పాట.

శుభం పడేదాకా కూర్చున్నాడు. ఎందుకంటే, ఏ బొమ్మనూ సగంలో వదిలి లేవలేదతను. అందరూ వెళ్లిపోయాక కూడా స్తంభం దగ్గరే ఉన్నాడు. అరికాళ్ల కింద కాగితం ముక్కలు. ఇన్నేళ్లలో ఎన్నో చెత్త బొమ్మలు చూశాడు. చెత్త తీసినవాణ్ణి తిట్టుకుని, మరుసటి శుక్రవారం మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఈసారి తిట్టడానికి పేరు కోసం వెతికితే తన పేరే అడ్డం వచ్చింది.

ఆఫీసు గదిలో ఫ్యాను తిరుగుతోంది. జయరావు బల్ల వెనక కూర్చుని సాయంత్రం ఆటకు సీట్ల పటం సరిచూసుకుంటున్నాడు. ఎదురు కుర్చీలో ప్రేమానందం సోడా తాగుతున్నాడు. గుమ్మంలో మునిరామయ్యను చూసి చెయ్యి ఊపాడు.

"రావయ్యా. నలభై గోడలూ చూసి వచ్చాను. బ్రహ్మాండం. రేపు శనివారం కదా, యాత్రికులు దిగుతారు. చంద్రగిరి, పాకాల, కాణిపాకం రోడ్డు, ఇంకో వంద కాగితాలు తెప్పిస్తున్నాను."

"సామి పాట యాడ ఉండాది సార్?"

"ఏ పాట?"

"మీరు జయరావు సారుకు సెప్పిన పాట."

జయరావు తలెత్తి ప్రేమానందం వంక చూశాడు. ప్రేమానందం సోడా బుడ్డి కింద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"షూటింగైతే చేశారయ్యా. నిడివి ఎక్కువైందని తీసేశారు. ఒక షాటు ఉంది చూశావా, క్యాలెండరు?"

"సూసినా."

"మరింకేం. అబద్ధం ఎక్కడుంది ఇందులో?"

"ముసిలోళ్లు పట్టుచీరలు కట్టుకోని వస్తా ఉండారు సార్, సామిని సూసేదానికి. లోపల మీరు సూపించేది ఈత కొలను."

"రానీ. వచ్చినవాళ్లకు టికెట్టు ఇవ్వడమే మన పని." ప్రేమానందం నవ్వుతూ జయరావు వైపు తిరిగాడు. "అసలు ఈ ఆలోచన ఎవరిదనుకుంటున్నారు? ఈయనదే. బస్టాండు దగ్గర టీ తాగుతూ చెప్పాడు. మా ఆఫీసులో చెప్తే ముందు నమ్మలేదు. తిరుపతికని విడిగా అచ్చు వేయించాను. కడపలో ఈ కాగితం లేదు, నెల్లూరులో లేదు. ఒక్క మీ ఊరికే."

మునిరామయ్య గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. "నేను సెప్పింది అందుకు కాదు సార్."

"ఎందుకు చెప్పినా పని జరిగింది. ఇది వ్యాపారమయ్యా. స్వామి మాత్రం ఊరికే దర్శనం ఇస్తున్నాడా? వెళ్లు, రేపటికి జిగురు ఎక్కువ కాచుకో."

జయరావు సీట్ల పటం మీదికి తల వంచేశాడు. ఆ వంగిన తలను మునిరామయ్య కాసేపు చూశాడు. ఆ తలకు తెల్లవెంట్రుకలు రావడం అతనికి తెలుసు. ఇద్దరూ ఒకే ఏడు చేరారు. ఆ తల లేస్తే ఒక మాట చెప్పాలనుకున్నాడు. అది లేవలేదు. షెడ్డులోకి పోయి బక్కెట్లో మిగిలిన జిగురు కాలవలో పారబోసి, నీళ్లు నింపుకుని, కొత్త బ్లేడు ఒకటి తీసుకుని బయల్దేరాడు.

మే నెల రెండు గంటల ఎండ. గోడలు పొయ్యిలా ఉన్నాయి. కుంచెతో నీళ్లు కొడితే ఆవిరి లేచి ముఖానికి తగిలింది. పొద్దుట తనే గట్టిగా రుద్ది అంటించిన కాగితం. మూలలు కూడా లేవడం లేదు. తన పనితనం తనకే అడ్డమైంది. మళ్లీ నీళ్లు, మళ్లీ ఆగడం. నానాక కిరీటం చుట్టూ, భుజాల చుట్టూ, తులసిమాల చివరిదాకా బ్లేడు నడిపాడు. స్వామి ఊడి చేతిలోకి వచ్చాడు. గోడ మీద కత్తులమ్మాయి నెత్తిన ఖాళీ మిగిలింది.

ఒక గోడ దగ్గర అతనికి సందేహం వచ్చింది. ఎర కోసం అచ్చువేసిన ముఖంలో స్వామి ఉంటాడా? గాలానికి గుచ్చిన వానపాము లాంటిది కదా ఇది. బ్లేడు ఆపి చూశాడు. అదే నామం, అదే కిరీటం, కొంచెం నవ్వినట్టున్న పెదవులు. ఎవడు ఎందుకు వేసినా, పొద్దున చెప్పులు వదిలిన కాళ్లు తనవి. తులసి అద్దిన చెయ్యి కుముదవల్లిది. ఇంతమంది మొక్కాక ఇది ఉత్త కాగితం ఎలా అవుతుంది? ఆలోచన అంతకంటే ముందుకు సాగలేదు. బ్లేడు సాగింది.

కొర్లగుంటలో చిన్నబ్బ ఎదురయ్యాడు. చూసి, సైకిలు స్టాండు వేశాడు.

"ఏం పనప్పా ఇది? నీ కాగితం నువ్వే కోస్తా ఉండావు?"

"సామి సంగతి సెప్పినోడు కనపడితే సెప్పమని పొద్దున అంటివే. నేనే వాణ్ణి. అంటిస్తావా నా మీద?"

చిన్నబ్బ చంకలోని కాగితాల చుట్టను సైకిలు మీద పెట్టాడు. "నిచ్చెన పట్టుకుంటా. ఎక్కు," అన్నాడు. ఆ వీధిలో నాలుగు గోడలయ్యేదాకా పట్టుకున్నాడు. ఖాళీల మీద తన కాగితం అంటించుకోవచ్చని అతనికి తెలుసు. అంటించలేదు. "నిచ్చెన దించేటప్పుడు మోకాలు జాగర్త. ఎండకు కళ్లు తిరుగుతాయి నీకు," అని మాత్రం అని వెళ్లాడు.

తీర్థకట్ట వీధికి వచ్చేసరికి ఆరు కావచ్చింది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. అర్చకుల ఇంటి ముందు రిక్షా ఆగి ఉంది. అరుగు మీద పండు ముసలమ్మ, ఎర్రంచు పట్టుచీర, నుదుట తిరుచూర్ణం బొట్టు, ఒళ్లో చిన్న పూలపొట్లం. చూపు సరిగా ఆనక కళ్లు చికిలించి, గోడ దగ్గర నీళ్లు కొడుతున్న మనిషిని చూస్తోంది. కుముదవల్లి గబగబా దిగివచ్చింది.

"అదేంటి మునిరామయ్యా, స్వామిని తీసేస్తున్నావు?"

"సినిమాలో సామి లేడమ్మా. పెద్దమ్మను పంపొద్దండి. మీరూ పోవద్దండి."

"మరి పోస్టరు మీద ఎందుకు వేశారు?"

"ఈ ఊళ్లో సామి మీద ఎవురూ అంటించరని," అన్నాడు మునిరామయ్య. "ఆ మాట వాళ్లకు సెప్పింది నేనేనమ్మా. గొప్పకు పోయి సెప్పినా."

ఆమెకు అర్థం చేసుకోవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక అతన్ని ఏమీ అనలేదు. అనివుంటే తేలికయ్యేది. అరుగు వైపు తిరిగి చూసింది. "ఆవిడకు నేనేం చెప్పను? పొద్దుట్నించి మెతుకు ముట్టలేదు, దర్శనమయ్యాక తింటానని."

అరుగు మీంచి ముసలమ్మ పిలిచింది. "ఏమంటున్నాడే వాడు? ఆట మొదలైందా?"

మునిరామయ్య గోడకు తిరిగి చివరి కాగితం కోశాడు. బ్లేడు జారి తులసిమాల కొంచెం చిరిగింది. పొద్దున అద్దిన దళం వాడి, అంటుకునే ఉంది. సంచి అప్పటికే నిండిపోయింది, తడికి అడుగు చిరిగేలా ఉంది. కుముదవల్లి లోపలికి పోయి పెద్ద అరిటాకు తెచ్చి అరుగు మీద పరిచింది. "మురికి సంచిలో వద్దు. ఇందులో పెట్టుకో," అంది. అతను సంచిలోంచి ఒక్కొక్కటే తీసి ఆకు మీద పెట్టి, దళం ఉన్నదాన్ని చివరగా పైన ఉంచగానే, ముసలమ్మ వంగి, పైనున్న తడి ముఖాన్ని వేళ్లతో తడిమింది. నామం ఎక్కడుందో వెతుక్కుని కళ్లకద్దుకుంది. తర్వాత పూలపొట్లం విప్పి అన్నీ దాని మీదే పోసేసి, కోడలితో, "ఇంక అన్నం పెట్టు," అంది.

మునిరామయ్య ఆ ఆకును రెండు చేతులా ఎత్తుకుని, సైకిలూ నిచ్చెనా అక్కడే వదిలి, నడుచుకుంటూ పోయాడు.

పంకజా టాకీసు ముందు సాయంత్రం ఆటకు జనం ఉన్నారు. మైకులో పాట పెట్టారు. గేటు దగ్గర టికెట్లు చింపే మునస్వామి, "ఏంది మామా, ప్రసాదమా?" అని నవ్వబోయి, ఆకులో ఏముందో చూసి దారి వదిలాడు.

ఆఫీసులో ప్రేమానందం ఫోనులో మాట్లాడుతున్నాడు. ఊళ్లోంచి కబురు వచ్చినట్టుంది, ముఖం కందగడ్డలా ఉంది. ఫోను పెట్టేసి లేచాడు.

"నీకేమైనా పిచ్చా? నలభై గోడలు నాశనం చేశావంట. పోలీసులకు అప్పజెప్తాను తెలుసా?"

మునిరామయ్య ఆకును బల్ల మీద, సీట్ల పటం పైనే, మెల్లగా దించాడు. నీళ్లు పటం మీదికి పాకాయి.

"మీ సామి సార్. మీ ఊరికి తీసుకపొండి. ఆడ అంటించుకోండి. ఆడ ఎవురైనా ఆయన మీద అంటిస్తారేమో సూడండి."

"మునిరామయ్యా," అన్నాడు జయరావు. "రేపు మాట్లాడుకుందాం. రేపు రా."

"రేపు రాను సార్. ఇంక ఈ గోడలు నన్ను నమ్మవు." తన నీలం వేళ్లను పంచెకు తుడుచుకున్నాడు. "నేల తరగతిలో స్తంభం పక్కన ఫ్యాను శబ్దం సేస్తా ఉండాది. సెప్పల్లనుకుంటా మర్సిపోతా వచ్చినా. సూపించండి."

గంట మోగింది. హాలు తలుపులు తెరుచుకున్నాయి. జనం లోపలికి తోసుకుపోతుంటే మునిరామయ్య వాళ్లకు ఎదురుగా, పక్కకు ఒదుగుతూ, గేటు దాటి వీధిలోకి వెళ్లాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

టికెట్టు గుమస్తా పరుగున వచ్చి సీట్ల పటం అడిగాడు. "తియ్యి అది అక్కణ్ణించి," అన్నాడు ప్రేమానందం. గుమస్తా బల్ల దగ్గరికి వచ్చి, ఆకులో చూసి, చెప్పులు విడిచి, అక్కడే నిలబడిపోయాడు. ప్రేమానందం విసుక్కుంటూ తనే చెయ్యి చాపాడు. చెత్తబుట్ట బల్ల కిందే ఉంది. చెయ్యి ఆకు దాకా పోయి, గాలిలో ఆగి, జేబులోకి వెళ్లిపోయింది. జయరావు లేచి ఫ్యాను ఆపాడు, పూలు ఎగిరిపోకుండా.

లోపల తెర మీద వాన మొదలైంది. ఈలలు వినబడ్డాయి. బల్ల మీద, తడిసి రంగు వదులుతున్న సీట్ల పటం పైన, అరిటాకులో, ఒకదాని మీద ఒకటి అంటుకుపోయి నలభై ముఖాలు, పైదాని నామం మీద వాడిన తులసిదళం.